ఎదురుగాలి లేని ప్రయాణం

కూతురు విమానంలో పనికి కుదిరిన ఈ మూడేళ్ళలో ఆ తల్లికి కంటినిండా నిద్ర లేదు. ఎక్కేముందు "ఎక్కుతున్నా" అని, చేరాక "దిగాను" అని పిల్ల ఫోన్లో రెండు ముక్కలు పెట్టాలి. ఆ రెండింటి మధ్య తల్లి ప్రాణం వంటింటి గడియారం ముళ్ళకు వేలాడుతూ ఉండేది.

అలా గడియారం చూసీ చూసీ ఆమె ఒక సంగతి పట్టేసింది. పిల్ల తిరిగేది ఎప్పుడూ ఆ ఒక్క దూరపు ఊరికే. పోవడానికి తొమ్మిది గంటలు, రావడానికి పదకొండు. అవే రెండు విమానాశ్రయాలు, అదే ఏడువేల చిల్లర కిలోమీటర్లు. మరి ఆ రెండు గంటలు ఏమైపోతున్నట్టు? మధ్యలో ఎక్కడైనా దిగుతోందా? ఎవరినైనా కలుస్తోందా? ఇంజను మొరాయించి గాల్లో చక్కర్లు కొడుతుంటే, ఆ మాట దాస్తోందా?

ఉండబట్టలేక భర్తను అడిగింది. ఆయన బస్సు డ్రైవరు. ముందు పడీపడీ నవ్వి, ఆ తర్వాత విడమరిచి చెప్పాడు. అంత ఎత్తున గాలి ఒకవైపుకే గట్టిగా వీస్తుందట. పోయేటప్పుడు వీపు మీద చెయ్యివేసి తోస్తుంది, వచ్చేటప్పుడు గుండెల మీద చెయ్యిపెట్టి ఆపుతుంది. దూరం అంతే, ఆలస్యమే ఎక్కువ.

"నా బస్సు ఆలస్యమైతే ఆ సాకు కూడా లేదు," అన్నాడు.

ఆమె నమ్మింది. కానీ పోయిన వారం పిల్ల పోవడానికీ తొమ్మిది గంటలే పట్టింది, రావడానికీ తొమ్మిదే.

కూతురు ఇంటికొచ్చి మంచం మీద పెట్టె సర్దుకుంటుంటే తల్లి ఎడమపక్కన వచ్చి కూర్చుంది. పెట్టెలో యూనిఫాం ఇస్త్రీ మడత చెదరకుండా ఉంది. తొందరగా వచ్చేశావేమే అని అడిగింది. కూతురు "ఆఁ?" అంది. మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"ఈసారి గాలి లేదమ్మా."

"గాలి లేకపోతే పోయేటప్పుడు తోసేవాళ్ళూ ఉండరుగా. మరి అప్పుడూ తొమ్మిదే ఎలా పట్టింది?"

కూతురి చేతులు ఆగిపోయాయి. ఈవిడకి గాలి పాఠం చెప్పిందెవరంటూ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. అనుమానించడం తల్లికి అలవాటే. అది నిజం కావడమే అలవాటు లేదు.

"అసలు విమానం ఎక్కావా నువ్వు?"

"లేదు."

పది రోజులుగా ఎడమ చెవి వినపడటం లేదట. విమానం పైకి లేస్తుంటే చెవిలో ఒకటే పోటట. డాక్టరు ఎగరొద్దన్నాడు. తగ్గేదాకా టికెట్ల కౌంటర్లో కూర్చోబెట్టారు. పోయిన వారం తోటిపిల్ల గదిలో పడుకుని, అక్కడినుంచే ఆ రెండు ముక్కలూ పెట్టింది. తగ్గుతుందో లేదో డాక్టరు ఇంకా తేల్చలేదు.

"నీకు చెబితే ఉద్యోగం మానెయ్యమంటావు," అంది పెట్టెలోకి చూస్తూ.

పిల్ల నేలమీద ఉంటే చాలని మూడేళ్ళుగా అనుకుంది తల్లి. ఇప్పుడు నేలమీదే ఉంది, మొహం వేలాడేసుకుని. మానెయ్యమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, లేచి మంచం చుట్టూ తిరిగొచ్చి, కుడిపక్కన కూర్చుంది.

"వినపడుతోందా?"

కూతురు తలూపింది.

"డాక్టరు దగ్గరికి ఈసారి నేనూ వస్తాను," అంది తల్లి. పిల్ల మొహంలోకి తేరిపార చూసింది. "ఒక్క చెవేనా?"