ఆగని పెట్టె

సుకన్య ఎడమచేతి చిటికెన వేలు మూడు వారాలుగా బల్లమీది గుడ్డనే వాయిస్తోంది. పియానో మీదైతే అక్కడ ఇంకా మీటలుండేవి. దానికి ఎనభై ఎనిమిది, ఈ కీబోర్డు పెట్టెకు అరవై ఒకటి. ఈ లెక్క తలకెక్కింది గానీ వేళ్లకు ఎక్కలేదు.

హన్మకొండలో ఒక బడిలో ముప్పై ఏళ్లు ఆమె పియానో టీచరు. పియానో ఉన్న గది కంప్యూటర్లకు కావలసి వచ్చింది. పియానోను ఎవరో ఆటో ట్రాలీలో వేసుకుపోయారు, టీచరుకు శాలువా కప్పి పంపారు. శాలువా మంచిదే, కానీ దాన్ని వాయించలేం కదా. ఇంట్లో బీరువాకూ మంచానికీ మధ్య పట్టేది ఈ అరేంజర్ కీబోర్డు ఒక్కటే.

ఇది మహా తెలివైన పెట్టె. ఎడమచేత్తో మూడు మీటలు నొక్కి పట్టుకుంటే చాలు, డోలూ గిటారూ అన్నీ అదే మోగిస్తుంది. ముప్పై ఏళ్లు సగం పాటను మోసిన ఎడమచేతికి ఇప్పుడు నొక్కి పట్టుకుని కూర్చోవడమే ఉద్యోగం. కుడిచెయ్యి పాత అలవాటున ఎడమచేతి మీటల హద్దులోకి దిగిందంటే పాటంతా గందరగోళం. కొత్తది నేర్చుకోవడానికి సుకన్య భయపడదు. వచ్చినదాన్ని చెయ్యకుండా వేళ్లను పట్టి ఉంచడానికే ఆమెకు ఒళ్లు పులిసిపోతోంది.

అయినా వాయిస్తోంది, భర్త రాంప్రసాద్ కోసం. ఆయన ఎనుమాముల మార్కెట్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. అన్నేళ్లు మిర్చి ఘాటులో ఉండి కూడా గొంతు కాపాడుకున్నానని ఆయన గొప్ప. బడి వార్షికోత్సవంలో ఏటా ఆయన పాట, ఆమె పియానో. ఇప్పుడు భానుచందర్ అనే ఆర్కెస్ట్రా యజమాని ఇద్దరినీ పెళ్లిళ్లకు పిలుస్తానన్నాక, రిటైరయ్యి దిగాలుపడ్డ మనిషికి ప్రాణం లేచొచ్చింది. ఆయనకు మిగిలిన సంబరం అదొక్కటే.

ఇంట్లో సాధన మాత్రం కుదరలేదు. ప్రతి చరణం చివరా పెట్టె ముందుకు పోయేది.

"జర చూసుకో సుకన్యా, నీ చెయ్యి ఉరుకుతాంది," అనేవాడు రాంప్రసాద్.

నిజమే కాబోలు అనుకుంది సుకన్య. ఒకరోజు ఆయన కూరగాయలకు పోయినప్పుడు, సాధనలో ఫోన్లో రికార్డు చేసిన పాటను పెట్టుకుని విన్నది. డోలు సరిగ్గా ఉంది. ఆమె చెయ్యి దానితోనే ఉంది. ఆయన పాటే ప్రతి లైను చివరా కాస్త కాస్త వెనకబడుతోంది.

ఆమె రెండోసారి వినలేదు. ముప్పై ఏళ్లుగా పియానో ముందు కూర్చుని ఆయన ఊపిరిని చూసి ఆగింది తనే. ఆయన సాగదీస్తే సాగింది, తడబడితే నిలబడింది. ఎంత అలవాటుగా ఆగిందంటే, ఆగుతున్నట్టు తనకే తెలియలేదు. రాంప్రసాద్‌కు తాళం నిలవదన్న సంగతి ఎవరికీ, ఆయనకు కూడా, తెలియకుండా దాచిపెట్టింది ఆ పియానో. ఈ పెట్టె ఎవరికోసమూ ఆగదు. సుకన్యకు ఏడుపొచ్చింది. ఆయన సంచితో తిరిగొచ్చేసరికి ఆ రికార్డును చెరిపేసింది.

హంటర్ రోడ్డులో ఒక పగటి పెళ్లికి మొదటి ప్రోగ్రాం కుదిరింది. రాంప్రసాద్ బిస్కెట్ రంగు కోటు తొడుక్కుని నిలబడ్డాడు. మొదటి చరణం సగంలోనే పాట ఒక దారి, డోలు ఒక దారి అయ్యాయి. ముందు వరసలోవాళ్లు మొహాలు చూసుకున్నారు. భానుచందర్ స్పీకర్ల వెనకనుంచి వచ్చి సుకన్య చెవి దగ్గర వంగాడు.

"వదినా, బీట్ ఎటో పోతాంది, అన్న ఎటో పోతాండు. తప్పు ఎవరిది? అన్నదైతే చెప్పు, ఇగ పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లకెళ్లే ఏస్త."

మైకు పట్టుకుని రాంప్రసాద్ ఆమెవైపే చూస్తున్నాడు. సుకన్య ఆయన కోటు గుండీలను చూసింది. పొద్దున వాటిని రెండుసార్లు విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"నాదే భానూ. చెయ్యి తప్పింది," అంది.

మీట నొక్కి డోలును ఆపేసింది. పెట్టెను పియానో శబ్దానికి తిప్పి, రెండు చేతులతో వాయించడం మొదలుపెట్టింది. రాంప్రసాద్ ఎక్కడ సాగదీస్తే అక్కడ ఆగింది. కింది స్వరం కోసం పోయిన చిటికెన వేలు గుడ్డమీద పడింది, పడితే పడనిమ్మనుకుంది. పాట ఒడ్డుకు చేరింది, జనం చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర భానుచందర్ మొగమాటపడకుండా చెప్పేశాడు.

"అన్న గొంతు మస్తుంది. కానీ పెండ్లిల బీట్ లేకుంటే ఎట్ల వదినా? వచ్చే ఆదివారం దాంక నీ చెయ్యి బీట్ మీద కూసోవాలె. లేకుంటే వాయించెతందుకు వేరే మనిషిని చూస్త."

ఆమె తలూపింది. ఆ వేరే మనిషి ఆయన కోసం ఆగడు. తన అబద్ధం కొనిపెట్టింది ఒక్క వారమే.

సాయంత్రం రాంప్రసాద్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఫికర్ చేయకు. ఇన్నేండ్లు పియానో మీద నీ ఇష్టమొచ్చినట్టు వాయించినవ్ గద, తాళం గట్టివడలే. నేను చప్పట్లు కొడ్త, దాని ఎంబడి రా."

సుకన్యకు ముందు కోపమొచ్చింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. రెంటికీ ఓపిక లేక డోలు శబ్దాన్ని పూర్తిగా తగ్గించి మీటల మీద చేతులు పెట్టింది. పెట్టె మూలన ఎర్ర లైటు మాత్రం బీటుకు ఒకసారి చొప్పున వెలుగుతూనే ఉంది.

మొదటి రెండు లైన్లు చప్పట్లూ లైటూ కలిసే నడిచాయి. మూడో లైనులో చప్పట్లు కొంచెం వెనకబడ్డాయి. నాలుగో లైనుకు లైటు వెలిగాక ఎప్పటికో చప్పుడు పడింది. రాంప్రసాద్ కళ్లు మూసుకుని, ఎంతో శ్రద్ధగా, తప్పు తాళం వేస్తున్నాడు.

సుకన్య కుడిచేత్తో వాయిస్తూనే, ఎడమచేత్తో ఒళ్లోని చేతిరుమాలు తీసి ఆ ఎర్ర లైటు మీద కప్పింది.

"ఇగో, ఇప్పుడు కుదురుతాంది," అన్నాడు రాంప్రసాద్ కళ్లు తెరవకుండానే.

"కుదురుతాందండి," అని, ఆమె తర్వాతి చప్పట్ల కోసం ఆగింది.