మందు పట్టని నెలలు

రత్నకు క్షయ అని తేలిన వారంలోనే అత్త రంగక్క మనవరాలిని చంకనేసుకొని నాగలమడిక బస్సెక్కింది. అక్కడ తన కూతురు రామలక్ష్మమ్మ ఇంట్లో పిల్లను దింపి వచ్చింది. పాప ధనుశ్రీకి పాలు మాన్పించి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. పిల్లకు ముందుజాగ్రత్త మందు వేస్తే చాలు, దూరం పంపక్కర్లేదని ఆస్పత్రిలో చెప్పారు. రత్నకే ధైర్యం చాలలేదు. ఆమె తల్లి ఆ దగ్గుతోనే పోయింది. కఫంలో క్రిములు లేవని వచ్చేదాకా పాప అక్కడే ఉండాలన్నది ఆమే. అన్నాక గోడవైపు తిరిగి పడుకుంది.

సోలార్ పార్కులో పలకలు కడిగే పని మానేసింది. మొగుడు శ్రీనివాస అదే పార్కులో కాపలాకు పోతే పగలంతా ఒక్కతే. సాయంత్రం ఆడబిడ్డ వీడియోకాల్ చేసేది. మొదట్లో పాప ఫోనును నాకేది, అందులోకి రావాలని ఏడ్చేది. రానురాను తెరలోని మనిషిని ఒకసారి చూసి, తన ఆటలో తాను పడిపోయేది. ఫోను పెట్టేశాక రత్న ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చునేది.

పరగడుపునే రంగక్క ఎదుటే మాత్రలు మింగేది. మొదటి నెలలో జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. ఆ తర్వాత కొత్త మాత్రల అట్టలు ఇచ్చారు. కొన్నాళ్లకే సాయంత్రపు జ్వరం తిరిగొచ్చింది. కఫంలో మళ్లీ క్రిములు కనబడ్డాయి. అవి మందుకు లొంగని మొండి క్రిములేమోనని తుమకూరుకు పంపి పరీక్ష చేయిస్తే, లొంగేవేనని తేలింది. దాంతో మాత్రలు మింగడం లేదేమోనని అందరి చూపూ రత్న మీద పడింది. మింగాక నోరు తెరిచి చూపించమనేది రంగక్క. ఒకనాడు శ్రీనివాస చాప ఎత్తి అడుగున వెతకడం రత్న కంటపడింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

క్షయ రోగులను చూసుకునే సూపర్‌వైజర్ శివరాజు బైకు మీద వచ్చింది అప్పుడే. రంగక్కను బయట కూర్చోమని చెప్పి, తాను గడపలో కూర్చున్నాడు.

"రత్నమ్మా, నేను కోప్పడను. నిజం చెప్పు. మాత్రలు మింగుతాండావా?"

"నా బిడ్డను ఎత్తుకోవల్లని ఉండాది సార్. నేనెందుకు పారేస్తాను?"

మూత్రం ఏ రంగులో పోతోందని శివరాజు అడిగాడు. రత్న సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొదట్లో ఎర్రగా పోతాండె. కొత్త అట్టలు ఇచ్చినాక మామూలే."

అతను అట్ట తెప్పించి ఒక మాత్రను వేలితో నొక్కాడు. అంచు పొడిగా రాలింది, రంగు వెలిసిపోయి ఉంది. అసలైన మందు ఒంట్లో కలిస్తే మూత్రం ఎర్రబడి తీరాలని చెప్పాడు.

"తప్పు నీది కాదేమోమ్మా. మాత్రదే అయ్యుంటుంది."

రత్న కొంగులోకి ముఖం దాచుకొని ఏడ్చింది. ఆ మాట అనడానికి ఇన్నాళ్లకు ఒక మనిషి వచ్చాడు.

ఆ మరుసటి పొద్దుకే వేరే బ్యాచి అట్టలు వచ్చాయి. పాతవాటిని శివరాజు సీలు వేయించి బెంగళూరు ల్యాబుకు పంపించాడు. రోగులు మింగక ఏవో సాకులు చెబుతారని ఆఫీసులో కొందరు తేలిగ్గా తీసేశారు. అతను ఊరుకోకుండా ఆ బ్యాచి వాడిన వాళ్లను వెతికాడు. వెంకటమ్మనహళ్లిలో గొర్రెలు కాసే చిన్నరంగప్పదీ ఇదే గోడు. చివరికి ల్యాబు జవాబు వచ్చింది. మాత్రలో ఉండాల్సిన ముఖ్యమైన మందు సగం కూడా లేదు. తయారీలోనే లోపమో, ఏ రేకుల గోడౌనులో ఎండకు మగ్గిందో తేలలేదు గాని, ఆ బ్యాచిని అన్నిచోట్లా వెనక్కు తీసుకున్నారు.

ఆ కబురు విన్న రోజు రంగక్క కోడలి వెనక కూర్చొని తలకు నూనె రాసింది.

"నిన్ను నమ్మకపోతినే," అంది. రత్న తల తిప్పలేదు, అత్త చేతిని మాత్రం తోసేయలేదు.

కొత్త మందుకు రత్న కఫం శుభ్రమని తేలాక మొగుడూ పెళ్లాం నాగలమడికకు పోయారు. పాప నడక నేర్చింది. రత్నను చూడగానే పరిగెత్తి రామలక్ష్మమ్మ చీర కుచ్చిళ్లలో దూరి, "అమ్మా" అంది ఆమెను. రామలక్ష్మమ్మకు పిల్లల్లేరు. ఆమె బెదిరిపోయి, ఇదిగో మీయమ్మ అని పిల్లను ముందుకు తోయబోయింది. పాప గుక్కపట్టింది.

రత్న చాచిన చేతులు దించుకుంది. ఇన్ని నెలలు ఆ తల వెంట్రుకల వాసన కోసం తపించిన మనిషి, మూరెడు దూరంలో కూర్చొని ఊరికే చూసింది.

"వదినా, నువ్వూ రా మాతో," అంది చాలాసేపటికి. "అది నన్ను గుర్తుపట్టేదాకా ఉండు. ఆమీదట కూడా నీకు తోచినప్పుడంతా వస్తాండు."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కారు. పాప మేనత్త ఒళ్లో కిటికీవైపు తిరిగి కూర్చుంది. దారికి అటూ ఇటూ సోలార్ పలకలు మెరుస్తుంటే చూసి చూసి నిద్రపోయింది. బస్సు గుంతలో పడి కుదిపినప్పుడు ఒక చిన్న పాదం జారి రత్న ఒడిలో పడింది. రత్న ఊపిరి బిగబట్టింది. పిల్ల లేవదని నమ్మకం కుదిరాక, అరచేతిని మెల్లగా ఆ పాదం మీద ఆనించి, ఊరు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది.