హుండీలో తుంటి ఎముక

గంగాధరం మామిడి చెట్టు మీంచి పడి తుంటి ఎముక ముక్కలు చేసుకున్నాడు. చిత్తూరు తోటల్లో కొమ్మ చివరి కాయను కూడా వదలని మనిషి. మళ్ళీ చెట్టెక్కుతాడా లేదా, భార్య ధరణికి అదొక్కటే దిగులు.

తిరుపతి ఆస్పత్రిలో డాక్టర్ గిరిప్రసాద్‌కు అప్పుడే కొత్త మోజు పుట్టింది. స్కానింగును మద్రాసుకు పంపి, మిషన్‌లో పొర మీద పొర పోయించి, ఆ విరిగిన ఎముకకు ప్లాస్టిక్ నమూనా చేయించాడు. ఎముక ముక్కల్ని కలిపి బిగించే స్టీలు పట్టీని ముందే దాని మీద పెట్టి వంచుకోవచ్చు. ఆపరేషన్ చూడ్డానికి పెద్ద డాక్టర్లను పిలిచాడు, వీడియోవాణ్ణి కూడా మాట్లాడాడు.

నమూనా చూసి ధరణి ఏడ్చింది. "ఎల్లుండే ఆపరేషన్. అంతదాకా నీ దగ్గరే పెట్టుకొని సామికి మొక్కుకోపో" అని నవ్వుతూ ఆమె ఒడిలో వేశాడు డాక్టర్.

పెద్దవాళ్ళ పరాచికం పేదవాళ్ళకు ఆజ్ఞ. కాలు బాగుపడాలని మొక్కుకున్నవాళ్ళు హుండీలో వెండి కాలు వేస్తారు. ఆ వెండి కాలు ఎవరిదైనా కావచ్చు, ఇది మాత్రం అచ్చంగా మొగుడిదే. ధరణి కొండెక్కి, దాన్ని కళ్ళకద్దుకొని హుండీలో వేసి వచ్చింది.

"ఎముకేదమ్మా?" అని ఆపరేషన్ రోజు అడిగాడు డాక్టర్.

"సామికిచ్చేసినాను సార్. మీరే గదా మొక్కుకోమనింది?"

"అట్లయితే ఆపరేషన్ గూడా సామినే చేయమను."

నమూనా లేకుండా ఆయన అలాంటి ఆపరేషన్లు ఎన్నో చేశాడు. కానీ పిలిచిన పెద్దల ముందు పాత పని చూపించడం నామోషీ. ఇంకో నమూనా వచ్చేదాకా ఆపాడు. ఈలోగా ఒంట్లో ముక్కలు ఇష్టమొచ్చినట్టు అతుక్కోసాగాయి. పాత స్కానింగు ప్రకారం వంచిన పట్టీ లోపల కుదరలేదు. బలవంతాన బిగించారు. కాలు పొట్టిదైపోయింది.

ఇంటికి పంపేరోజు రెండో నమూనాను ధరణి చేతిలో పెట్టాడు డాక్టర్. "ఇది గూడా ఏసిరాపో. సామికి జత అవుతుంది." వార్డంతా నవ్వింది. గంగాధరం కూడా నవ్వాడు. ఆ నవ్వుకే ఆమె ప్రాణం చచ్చిపోయింది.

ఇంటికొచ్చాక గంగాధరం ఆ నమూనాను ఆమె చేతనే పొయ్యి పైన వేలాడగట్టించాడు. అన్నం పెట్టినప్పుడల్లా అదే మాట. "నా కాలు సామికిచ్చినావు. నీ కాళ్ళెందుకు దాసిపెట్టుకున్నావు?"

మరుసటి కాపుకు కాయలు కోయడానికి ధరణే చెట్టెక్కింది. గంగాధరం కింద మంచం మీద కూర్చున్నాడు. ఆమె సగం దూరంలోనే ఆగింది, పట్టుకున్న కొమ్మ ఊగుతోంది.

"ఆడ నిలబడినావేంది? సివరి కొమ్మకు పో" అని అరిచాడు. "ఇంకా సివరికి."