నలిగిన పాదం

అన్నయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తనకున్నది ఒకే కాలైనా ఆ మొండితనం మాత్రం తగ్గలేదు. మోకాలి కింద తగిలించుకున్న ప్లాస్టిక్ కాలికి చలేస్తోందంటాడు. దాని రబ్బరు పాదానికి కొత్త బూటు కరుస్తోందంటాడు. వింటే చెల్లెలికి ఒళ్లు మండేది.

"ప్రాణం లేనిదానికి నొప్పేంటన్నయ్యా? రేపు ఈ బల్లకి తలనొప్పంటావు."

"బల్ల సంగతి నాకు తెలీదు. ఇది నాది."

ఒకరోజు అతను టీ తాగుతుంటే వెనకనుంచి రబ్బరు మడమలో గుండుసూది దించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సూది చూపించి ఇంటిల్లిపాదినీ నవ్వించింది.

"చూసుంటే నొప్పి తెలిసేది" అన్నాడతను చిన్నబోయి.

ఇద్దరిదీ పాత కాగితాల గోదాములో పని. అట్టపెట్టెలు బెల్టు మీద పడేస్తే, అది వాటిని రెండు ఇనుప రోలర్ల మధ్యకు లాక్కెళ్లి అణిచేస్తుంది. ఆపే స్విచ్చేమో అవతలి గోడకుంది. అక్కడ పెట్టిన మహానుభావుడికి ఓ దండం.

ఆ మధ్యాహ్నం మిగతావాళ్లంతా బయట లారీ దగ్గరున్నారు. రోలర్ల ముందు ఇరుక్కున్న అట్టను అన్నయ్య ఆ కాలితోనే తోశాడు. ప్లాస్టిక్‌దే కదా అన్న ధీమా కాబోలు. బూటు లేసు చిక్కుకుని పాదం లోపలికి పోయింది.

ఆ కేకకు చెల్లెలి పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె వచ్చేసరికి అతను నేల మీద పడి, రెండు చేతులా మోకాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. స్విచ్చు దాకా పరిగెత్తేలోపు అసలు మోకాలు కూడా రోలర్ల పాలవుతుంది.

"పట్టీలు విప్పు."

"వేళ్లు నలుగుతున్నాయే."

"అవి వేళ్లు కాదు. ముందు విప్పు."

"విప్పితే నా కాలు పోతుందే."

పట్టీ మీదికి వెళ్లిన ఆమె చేతిని తోసేశాడు. అది నటన కాదు. ముఖం పాలిపోయింది, దవడలు బిగుసుకున్నాయి. ఈ మొండివాడు రబ్బరు ముక్క కోసం చచ్చేలా ఉన్నాడు. ఆమె చాచి లెంపకాయ కొట్టింది. అతని పట్టు సడలగానే అట్టలు కోసే కత్తితో పట్టీలు కోసేసింది.

కాలు రోలర్లలోకి పోయింది. అన్నయ్య దక్కాడు.

ఆమె పరిగెత్తి యంత్రం ఆపి వచ్చింది. అతనింకా మెలికలు తిరుగుతూనే ఉన్నాడు. మోకాలు తడిమి చూసింది. ఎక్కడా గీత కూడా పడలేదు.

"ఎక్కడ నొప్పి?"

అతను మోకాలు చూపించలేదు. రోలర్ల వైపు వేలు చూపించాడు.

ఇదివరకైతే పగలబడి నవ్వేది. ఇప్పుడామెకు భయమేసింది. నొప్పి అబద్ధమైతే ఈ కన్నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయి? మీట నొక్కి పై రోలరు ఎత్తి, ప్లాస్టిక్ కాలు బయటికి లాగింది. బూటు చిరిగిపోయింది. రబ్బరు వేళ్లు కిందికి మడతపడ్డాయి. అతనికి కనిపించేలా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ సాపు చేయసాగింది.

"మెల్లిగా" అన్నాడతను పంటిబిగువున.

"మెల్లిగానే తీస్తున్నాలే."

బొటనవేలు తిన్నగా అయ్యాక అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

"తగ్గిందా?"

"తగ్గింది."

పాదం పక్కకు తిప్పబోతే మడమలో తన గుండుసూది చేసిన బెజ్జం కనిపించింది. అన్నయ్య కంటపడకముందే దాన్ని అరచేత్తో కప్పేసింది.