మేపుల్ రిడ్జ్ మందిరం నడక

మేపుల్ రిడ్జ్‌లో గురువారం పొద్దున్నే చెత్తబండి వస్తుంది. పదింటికి టపా వస్తుంది. ఏటా పస్కా పండగ అయిన మర్నాడు గ్యాసు పైపు పొడిగించే మనిషి వస్తాడు. యూదుల ప్రార్థన మందిరం ఆ ఏడు ఎన్ని అడుగులు జరిగిందో టేపుతో కొలిచి, అంత పైపు అతికిస్తాడు. "ఈసారి పదకొండే. ముసలిదైపోతోంది పాపం," అని కాఫీ తాగి వెళ్ళిపోతాడు. మందిరం వదిలేసి వచ్చిన చోట గడ్డి పాలిపోయి ఉంటుంది. రెండు వానలు పడితే అదీ కలిసిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన నాలుగేళ్ళకి పదకొండు కుటుంబాలు పట్నంలోని ఇరుకు మేడలు వదిలి ఈ శివారుకి వచ్చాయి. మొదటి రెండేళ్ళూ లాండ్రీ కొట్టు వెనక గదిలో, ఇస్త్రీ ఆవిర్ల మధ్య ప్రార్థనలు చేసుకున్నారు. తర్వాత ఒక క్యాబేజీ తోట కొని మందిరం కట్టుకున్నారు. పైకప్పు జెలిగ్ ఫుక్స్‌మన్ వేశాడు. అది ఆయన వృత్తి.

కట్టిన మరుసటేడే మందిరం కదిలింది. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా సబ్బాతు. ఆ రోజు బండెక్కకూడదు, నడిచే రావాలి. అందుకని మందిరమే జనం ఉన్న దిక్కుకి జరగడం అందరికీ సుఖంగానే ఉండేది. తూర్పున కొత్త ఇళ్ళు లేస్తే తూర్పుకి, బడి దగ్గర పసిపిల్లల తల్లులు ఎక్కువైతే అటువైపుకి జరిగింది. రెండొందల కుటుంబాలున్న రోజుల్లో, ఉపవాసం పండక్కి మధ్యనున్న మడత గోడ తీసేసినా కుర్చీలు చాలేవి కావు. సబ్బాతునాడు మాత్రం మందిరం అంగుళం కదిలేది కాదు. దానికీ ఆ రోజు సెలవే.

ఆ తర్వాత పిల్లలు పెద్దవాళ్ళై ఇంకా దూరపు శివార్లకి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు క్రమం తప్పకుండా వచ్చే మగవాళ్ళు, ప్రార్థన నడిపించే రబ్బీతో కలిపి, తొమ్మిదిమంది. అందరూ కలిసి చేసే ప్రార్థనకి పదిమంది మగవాళ్ళుండాలి. తొమ్మిదిమంది ఎంత భక్తిగా నిలబడినా తొమ్మిదిమందే.

సంఘం అధ్యక్షుడు హార్వీ ప్లాట్‌కిన్ పళ్ళ డాక్టరు. ఆయన దగ్గర దేనికైనా ఒక పథకం ఉంటుంది. దక్షిణాన కొత్తగా ఇళ్ళు కడుతున్నారని తెలిసి, అక్కడ ముందుగానే సిమెంటు పునాది పోయించాడు. మందిరం వచ్చి దాని మీద కూర్చుంటుందని ఆయన నమ్మకం. మూడేళ్ళయింది. మందిరం ఆ వంక చూడను కూడా లేదు. ఇక లాభంలేదని ఆదివారం సమావేశంలో తీర్మానం చేశారు. వచ్చే సబ్బాతునాడు మందిరంలో పదిమంది కూడితే సరే, లేకపోతే తలుపులు మూసి, నది అవతలి పెద్ద సంఘంలో కలిసిపోవడం.

సోమవారం జెలిగ్ కూతురు బ్లూమా హార్వీ ఆసుపత్రికి వచ్చింది. వాళ్ళిద్దరూ ఆ మందిరంలోనే కలిసి చదువుకున్నవాళ్ళు.

"హార్వీ, శనివారం మా అమ్మ పోయిన తిథి. నాన్న ఆవిడ పేర కద్దిష్ ప్రార్థన చెప్పాలంటున్నాడు. పదిమంది లేకుండా ఆ ప్రార్థన చెప్పకూడదు కదా. రేపు మీరు నది దాటిపోతే ఆయన ఇక చెప్పేదెక్కడ?"

"మీ నాన్న తుంటి విరిగి రెండేళ్ళుగా మంచం దిగలేదాయె. పోనీ, మేం తొమ్మిదిమందిమీ మీ ఇంటికొస్తాం. ఆయనతో పది."

"అదీ అడిగాను. వద్దన్నాడు."

"ఎందుకట?"

"మంచం చుట్టూ చేరి చేస్తే అది ప్రార్థన కాదట, పరామర్శట. తను మందిరంలో మనిషిగా లెక్కకి రావాలట."

హార్వీ తల పట్టుకున్నాడు. "బ్లూమా, మీ నాన్న మొండితనానికి మందు లేదు."

"నేను ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ ముందు వరసలో కూర్చుంటున్నా. నన్ను లెక్కపెట్టి ఉంటే మీకు ఎప్పుడో పది అయ్యేది."

"అది నా చేతుల్లో లేదమ్మా."

"నీ చేతుల్లో ఉన్నదల్లా సిమెంటు," అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మంగళవారం మందిరం బయల్దేరింది. ఏడాదికి పది, పన్నెండు అడుగులు నడిచేది, ఒక్క పగట్లో రెండు వీధులు నడిచింది. బుధవారం పెద్ద రోడ్డు దాటుతుంటే పోలీసాయన బళ్ళు ఆపి, మందిరం వెనక గోడ కూడా దాటేదాకా చెయ్యి దించలేదు. గ్యాసు మనిషి పైపు విప్పేసి, "ఆగాక కబురు పెట్టండి," అన్నాడు. హార్వీ దక్షిణానికి కారేసుకెళ్ళి తన పునాది తుడిపించి ఎదురుచూశాడు. మందిరం ఉత్తరానికి పోయింది.

శుక్రవారం సూర్యాస్తమయానికి ఇంకా గంటుందనగా బ్లూమా పెరట్లోంచి కేక వేసింది. "నా టొమాటో మొక్కలు! అటు చూసి నడవలేవూ!"

మందిరం కాస్త పక్కకి తప్పుకుంది. రెండు మొక్కలు పోయాయి, మిగతావి దక్కాయి. జెలిగ్ పడుకున్న గది కిటికీకి ఎదురుగా మందిరం పక్క కిటికీ వచ్చింది. మధ్యన జానెడు సందు మిగిలింది. అక్కడ ఆగిపోయింది.

శనివారం పొద్దున తొమ్మిదిమందీ, ముసలివాళ్ళు చేతికర్రలు పట్టుకుని, దారంతా సణుక్కుంటూ వచ్చారు. లోపల ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. హార్వీ తలుపు వైపు చూశాడు, మళ్ళీ చూశాడు. ఎవరూ రాలేదు.

"తొమ్మిదే రబ్బీ గారూ. అయిపోయింది."

రబ్బీ లిఖ్టర్ కుర్రవాడు, నిదానస్తుడు. ఆయన వెళ్ళి పక్క కిటికీ తెరిచాడు. అవతలి కిటికీ అప్పటికే తెరిచి ఉంది. బ్లూమా తండ్రి వీపు వెనక దిండ్లు పేరుస్తోంది. ముసలాయన నెత్తిన టోపీ, భుజాల మీద ప్రార్థన శాలువా ఉన్నాయి. సబ్బాతునాడు గడ్డం గీయించుకోకూడదు కనక చిరాగ్గా ఉన్నాడు.

"జెలిగ్ గారూ, కొంచెం ముందుకి వంగండి," అన్నాడు రబ్బీ. "మీ ముఖం మాకు కనబడాలి."

"ఎందుకు? అందగాణ్ణనా?"

"మందిరం బయట ఉన్నవాడు కిటికీలోంచి లోపలివాళ్ళకి ముఖం చూపిస్తే, అతను లోపలివాళ్ళలో ఒకడే. పాతకాలం పెద్దలు రాసిపెట్టిన నియమం ఇది."

హార్వీకి అనుమానం తీరలేదు. "ఆ కిటికీ మందిరానిదై ఉండాలా, వాళ్ళింటిదైనా ఫరవాలేదా?"

"మధ్యలో రెండున్నాయి డాక్టరు గారూ. మీకు నచ్చింది తీసుకోండి."

జెలిగ్ కిటికీ చట్రం రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, ముందుకి వంగాడు. మెడ చాచాడు. తొమ్మిది ముఖాలు ఆయన వైపు తిరిగాయి. రెండేళ్ళుగా ఆయన్ని చూడనివాళ్ళు కొందరున్నారు.

"పది," అన్నాడు హార్వీ.

ప్రార్థన మొదలైంది. తోరా గ్రంథపు చుట్ట తీశారు, చదివారు, మళ్ళీ లోపల పెట్టారు. కద్దిష్ వేళయింది. జెలిగ్ భార్య పేరు పెషె అని రబ్బీ అందరికీ గుర్తుచేశాడు. ముసలాయన కిటికీ చట్రం వదలకుండా మొదలుపెట్టాడు. ఆయన ఆగిన ప్రతిచోటా తొమ్మిదిమందీ "ఆమేన్" అన్నారు. మందిరంలో ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి, ఇంటిలోపల ఆయన వెనకున్న బ్లూమా నుంచి కూడా వినిపించింది.

అంతా అయ్యాక శాలువాలు మడతపెడుతుంటే కిటికీలోంచి కేక వచ్చింది.

"ఒరేయ్ హార్వీ! వచ్చే శనివారం ఎన్నింటికి?"

హార్వీ రబ్బీ వంక చూశాడు, రబ్బీ హార్వీ వంక చూశాడు.

"తొమ్మిదింటికి, జెలిగ్ గారూ," అన్నాడు హార్వీ.

"ఎనిమిదిన్నరకి పెట్టు. నేను పెందలాడే లేస్తాను."