పెట్టె సోఫా

మా పాత సోఫా ఒక్కరోజులో చావలేదు. ముందు దాని చేతుల మీద మా బుజ్జోడు స్కెచ్ పెన్నులన్నీ అరగదీశాడు. తర్వాత మా అమ్మడు దాని సందుల్లో రోజుకొక బిస్కెట్టు దాచి, దాచిన సంగతి మర్చిపోయింది. పాలు ఎన్నిసార్లు ఒలికాయో ఆ సోఫాకే తెలియాలి. వాసన వదిలించాలని నేను పోసిన సబ్బునీళ్లకు లోపలి చెక్క కాస్తా ఉబ్బిపోయింది. చివరికి ఒక పొద్దున మా ఆయన అలా నడుం వాల్చారో లేదో, మధ్యలో స్ప్రింగు తెగి మనిషి సగానికి మడత పడిపోయారు. చెయ్యి పట్టి పైకి లాగి, ఈ ఆదివారం కొత్తది కొని తీరాల్సిందే అన్నాను.

సోఫా మాకు షోకు కాదు. మా ఆయన పత్రికలు అచ్చేసే ప్రెస్సులో మెషీన్ ఆపరేటరు. రాత్రంతా పని, తెల్లారి ఆరున్నరకు ఇంటికి రావడం, ఏడింటికి పడక. మా పడకగది కిటికీ కిందే ఇనప గేట్లు చేసే షాపు ఉంది. ఎనిమిది కొట్టేసరికి వాళ్లు రేకులు కోయడం మొదలుపెడతారు. ఆ చప్పుడులో నా కుట్టుమిషను నడుస్తుంది గానీ మనిషికి నిద్ర పట్టదు. అందుకని ఆయన పడక హాల్లో, సోఫా మీద. అదే హాల్లో ఆరేళ్ల పిల్ల, మూడేళ్ల పిల్లాడు ఆడుకోవాలి.

నిద్ర చాలని మనిషి తిరిగే రోలర్ల పక్కన నిలబడితే ఏమవుతుందో ఆ ప్రెస్సులో అందరికీ తెలుసు. ఆయనతో పనిచేసే ఒకతనికి కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఆ చెయ్యి ఒకసారి చూసినప్పటి నుంచీ నాకు అదే భయం. ఆ భయంతోనే పిల్లలకు ఒక ఆట నేర్పాను. దాని పేరు గప్‌చుప్. నాన్న సోఫా మీద పడుకున్నంతసేపూ ఎవరూ నోరెత్తకూడదు. ఎవరు పిలిచినా పలకకూడదు, చివరికి అమ్మ పిలిచినా సరే. మధ్యమధ్యలో నేనే వంటింట్లోంచి తొంగిచూసి, "బుజ్జోడా" అని మెల్లగా పిలిచి పరీక్ష పెట్టేదాన్ని. పలికితే ఓడిపోయినట్టు. ఆయన నిద్రలేచి, ఒళ్లు విరుచుకుని, "లేచానోచ్!" అని కేకేస్తే ఆట అయిపోయినట్టు. ఇక అక్కణ్ణుంచి ఇల్లు పీకి పందిరేసేవాళ్లు. మా అమ్మడు రోజుకు నాలుగుసార్లు ఓడిపోయేది. బుజ్జోడు ఒక్కసారి కూడా ఓడలేదు. "మీ పిల్లలు ఎంత బుద్ధిమంతులమ్మా, అసలు ఇంట్లో ఉన్నట్టే ఉండరు" అని పక్కింటావిడ అంటే నేను తెగ పొంగిపోయేదాన్ని.

ఆదివారం ఆయన రెండు గంటలు మాత్రం పడుకుని లేచారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నలుగురం బయల్దేరాం.

షాపు చాలా పెద్దది. ఎటు చూసినా సోఫాలే. గాజు తలుపు దగ్గరికి మనిషి రాగానే దానంతటదే తెరుచుకుంటోంది. ఆ తలుపుకు అవతల సామాను ఎక్కించే లారీలు, వాటి వెనకే రోడ్డు. మమ్మల్ని చూడగానే టై కట్టుకున్న ఒక సేల్స్‌మన్ వెంటపడ్డాడు. ముందుగా తెల్లటి సోఫా చూపించాడు.

"ఇద్దరు చిన్నపిల్లల్ని వెంటేసుకుని వస్తే తెల్లసోఫా చూపిస్తావేంటి బాబూ? మా మీద నీకేమైనా కోపమా?" అన్నాను.

"అలా కాదు మేడమ్, తుడిస్తే పోతుంది."

"తుడిచేది నువ్వు వస్తావా?"

నాకు కావలసినవి వేళ్ల మీద చెప్పాను. ముదురు రంగు ఉండాలి. గవిసెన విప్పి ఉతుక్కునేలా ఉండాలి. పిల్లలు పడితే నుదురు పగిలే మూలలు ఉండకూడదు. బిస్కెట్లు దాచే సందులు అసలే ఉండకూడదు. మనిషి పూర్తిగా కాళ్లు చాపి పడుకోగలగాలి. అతను కాసేపు తల గోక్కుని, హాలు చివరికి తీసుకెళ్లి పెట్టె సోఫా చూపించాడు. కూర్చునే చోటు మూతలాగా పైకి లేస్తుంది. కింద మనిషంత పొడుగు పెట్టె. నల్లబట్ట పరిచి, అందులో నాలుగు దిళ్లూ ఒక దుప్పటీ సర్ది పెట్టారు.

"బొమ్మలు, పక్కబట్టలు, అన్నీ ఇందులో పడేయొచ్చు మేడమ్. అంచుకు చుట్టూ రబ్బరు ఉంది, చూడండి. దుమ్ము కాదు కదా, చీమ కూడా దూరదు" అన్నాడు.

నాకు అది నచ్చేసింది. బట్ట మాత్రం నచ్చలేదు. వేళ్ల మధ్య నలిపి చూస్తే ఆరునెలల్లో నూగు లేచిపోయే రకమని తెలిసిపోయింది. వేరే బట్టలు అటుపక్క బల్ల మీద ఉన్నాయి, చూద్దురుగాని రమ్మన్నాడు. మూత ఎత్తినది ఎత్తినట్టే ఉంది. "బుజ్జోణ్ణి చూస్తూ ఉండండి" అని మా ఆయనకు చెప్పి, అమ్మడి చెయ్యి పట్టుకుని వెళ్లాను. ఆయన ఊఁ అన్నారు. ఆ ఊఁ నిద్రలోంచి వచ్చిందని నాకు తట్టి ఉండాల్సింది.

బట్ట కనిపిస్తే నాకు ఒళ్లు తెలియదు. ఒక్కో ముక్కనూ పట్టి లాగాను, గోటితో గీకాను, నీళ్లు పోయించాను, అవి కాదని కాఫీ పోయించాను. సేల్స్‌మన్‌తో నేత గురించి వాదించాను. గెలిచాను కూడా. పావుగంటకు ముదురాకుపచ్చ ముక్క ఒకటి పట్టుకుని తిరిగొచ్చేసరికి పెట్టె సోఫా మూత వేసి ఉంది. దాని మీద మా ఆయన తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి గురక పెడుతూ నిద్రపోతున్నారు. పక్కన ఎవరూ లేరు.

"ఏవండీ, బుజ్జోడేడీ?"

ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. "నీతోనే వచ్చాడుగా."

"మీకు అప్పజెప్పే కదండీ వెళ్లాను!"

ఇద్దరం ఒకేసారి గాజు తలుపు వైపు చూశాం. సరిగ్గా అప్పుడే అది ఎవరికోసమో తెరుచుకుంది.

ఎలా పరిగెత్తానో తెలియదు. చేతిలో ఆ ఆకుపచ్చ ముక్క అలాగే ఉంది. బయట లారీ ఒకటి వెనక్కి వస్తోంది. "ఆపండి, ఆపండి" అని అరుస్తూ నేల మీద బోర్లా పడి టైర్ల కిందకు చూశాను. నూనె మరకలున్నాయి. పిల్లాడు లేడు. లేచి వాచ్‌మన్ చొక్కా పట్టుకున్నాను. "మూడేళ్ల బాబు, పసుపు చొక్కా, చూశావా?"

"ఇందాక ఎవరో ముగ్గురు బయటికెళ్లారమ్మా. చంకలో ఒక బాబున్నాడు. నిద్రపోతున్నట్టున్నాడు."

"చొక్కా ఏం రంగు?"

"పసుపేనేమో. ఏమో అమ్మా, నేను సరిగ్గా చూళ్లేదు."

పసుపు చొక్కా నేనే కుట్టాను. మిగిలిన గుడ్డతో జేబు కూడా పెట్టాను. నా బిడ్డను ఎవరో ఎత్తుకుపోయారు అనుకున్నాను. రోడ్డు మీద వచ్చేపోయే కార్లన్నిట్లోకీ చూడాలనిపించింది, ఒక్కదాంట్లోకి కూడా చూడలేకపోయాను. కళ్ల ముందు అంతా మసకబారింది. ఎవరో నన్ను లోపలికి నడిపించారు.

లోపల మైకులో చెబుతున్నారు. షాపు మనుషులందరూ తలోపక్కా తిరుగుతూ "బాబూ, బాబూ" అని పిలుస్తున్నారు. పరుపుల వెనక, బీరువాల్లో, మంచాల కింద, బాత్‌రూముల్లో వెతికారు. మిగతా పెట్టె సోఫాల మూతలు కూడా ఎత్తి చూశారు. మా ఆయన కూర్చున్న దాని జోలికి మాత్రం ఎవరూ పోలేదు. "ఆ చివర్న వద్దు, అక్కడ నేనే ఉన్నాను, వాడు అటు రాలేదు" అని ఆయనే అందరికీ చెబుతున్నారు. నేనూ నమ్మాను. తండ్రి కూర్చున్న చోట కాకుండా ఇంకెక్కడైనా వెతకాలనే ఎవరికైనా తోస్తుంది.

నేను గొంతు చించుకుని పిలిచాను. "బుజ్జోడా! నాన్నా! నేను అమ్మని రా, ఎక్కడున్నావ్?" పిలిచి ఆగి వినేదాన్ని. ఏసీ హోరు తప్ప ఇంకేమీ లేదు. మళ్లీ పిలిచేదాన్ని. పక్కనున్నవాళ్లు జాలిగా చూస్తుంటే వాళ్ల మీద ఒళ్లు మండిపోయింది. మేనేజరు పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు. ఫోటో అడిగాడు. నా ఫోను తెరవబోయి నాలుగుసార్లు తప్పు నొక్కాను.

అప్పుడు అమ్మడు నా చీర కొంగు లాగింది. ఇందాకటి నుంచీ అది నా వెనకే తిరుగుతోంది, నేనే దాని ముఖం చూడలేదు.

"అమ్మా, నాన్న ఇంకా లేచానోచ్ అనలేదు కదా."

"ఇప్పుడా నీ ఆటలు!" అని కసిరాను.

అది ఏడుపు గొంతుతోనే మళ్లీ అంది. "నాన్న సోఫా మీద పడుకున్నాడు. లేచాడు. కానీ లేచానోచ్ అనలేదు. మరి తమ్ముడెలా పలుకుతాడమ్మా?"

నేను పిలిచిన ప్రతి పిలుపూ నాకు మళ్లీ వినిపించింది. అమ్మ పిలిచినా పలకకూడదు అని వాడికి నేర్పిందాన్ని నేనే. వాడు ఎక్కడో ఉన్నాడు, నా పిలుపు వింటున్నాడు, పరీక్ష అనుకుంటున్నాడు. ఎంత గట్టిగా పిలిస్తే అంత గట్టిగా నోరు మూసుకుంటున్నాడు.

"అందరూ ఆగండి! ఎవరూ పిలవకండి!" అని అరిచాను. మైకు ఆగింది. "ఏవండీ, లేచానోచ్ అనండి."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. నేను ఆయన భుజాలు పట్టి కుదిపాను. "అనండి!"

"లేచానోచ్" అన్నారు. అది ఏడుపులా ఉంది. ఇంట్లో అనేటట్టు లేదు.

హాలంతా నిశ్శబ్దం. ఏమీ లేదు. నా ఊహ తప్పయితే బిడ్డ రోడ్డు మీదే పోయినట్టు. అంతమంది మధ్యలో నిలబడి, ఎంత నీరసంగానైనా సరే ఒక్క చిన్న చప్పుడు చాలని దండం పెట్టుకున్నాను.

ఆయన కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి ఒళ్లు విరుచుకున్నారు. ఇంట్లో చేసినట్టే. "లేచానోచ్!"

హాలు చివర నుంచి మెత్తటి చప్పుడు వచ్చింది. చెక్క మీద చిన్న అరచేయి కొట్టినట్టు. ఒకసారి, కాసేపాగి ఇంకోసారి. ఆయన పరిగెత్తారు. ఆయన కూర్చున్న సోఫా వైపే.

మూత ఎత్తబోతే ఆయన చేతులు జారిపోయాయి. సేల్స్‌మన్ వచ్చి ఎత్తాడు. దిళ్ల వెనక, దుప్పటి కింద, మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు నా కొడుకు. ముఖం కందిపోయి ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. పసుపు చొక్కా చెమటకు తడిసి వేరే రంగుకు తిరిగింది. గుక్కగుక్కగా గాలి పీలుస్తున్నాడు. ఎడమచెయ్యి నోట్లో ఉంది. తీసి చూస్తే మణికట్టు మీద పళ్ల గాట్లు, గుండ్రంగా, ఎర్రగా.

నేను ఎత్తుకున్నాను. ఎత్తుకోగానే ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. వాళ్ల నాన్నను చూశాడు, నన్ను చూశాడు.

"ఏడుపొచ్చిందమ్మా. ఏడవలేదు" అన్నాడు. గొంతు ఎండిపోయి మాట బొంగురుగా ఉంది. "చీకటి. నువ్వు చాలాసార్లు పిలిచావు. నేను పలకలేదు."

మా ఆయన నేల మీద కూలబడిపోయారు. "మూత తెరిచి వదిలేశారు కదా అని మూసి కూర్చున్నానే. లోపల చూడలేదే" అని అదే మాట అంటూ తల బాదుకున్నారు. ఆయన్ని తిట్టాలనుకున్నాను. సేల్స్‌మన్ చెంప పగలగొట్టాలనుకున్నాను. ఎవర్నీ ఏమీ అనలేకపోయాను. పెట్టె మీద ఆయన కూర్చున్నారు గానీ, లోపల వాడి నోరు మూసి ఉంచింది నేనే.

డాక్టరు చూసి ప్రమాదమేమీ లేదన్నాడు, నీళ్లు బాగా తాగించమన్నాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదని నేను అడగలేదు. అడిగితే చెబుతాడని భయం వేసింది.

వారం తర్వాత వేరే షాపులో సోఫా కొన్నాం. నాలుగు పొడుగు కాళ్ల మీద పలచటి చెక్కబల్ల, పైన విడి పరుపులు. ఇవతల కూర్చుంటే దాని కింద నుంచి అవతలి గోడ కనిపిస్తుంది. ఆ ఒక్కటి చూసే కొన్నాను. బట్ట ముట్టుకుని కూడా చూడలేదు. గప్‌చుప్ మానేశాం. నిద్ర చాలక ఆయన పగటి షిఫ్టు అడిగారు, ఇస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదు. రోజూ ఆయన పనికి వెళ్తుంటే నాకు ఆ లేని రెండు వేళ్లూ గుర్తొస్తాయి. అయినా పిల్లల్ని నోరు మూసుకోమని మాత్రం అనను. కేకలేసుకోండి, గెంతండి అని నేనే చెబుతాను. అమ్మడు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు గెంతుతుంది.

బుజ్జోడు మాత్రం నేను పిలిస్తే ఇప్పటికీ వెంటనే పలకడు. ముందు వాళ్ల నాన్న ముఖం వైపు చూస్తాడు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయని చూసుకుని, అప్పుడు "ఆఁ" అంటాడు. ఆయన ఇంట్లో లేనప్పుడైతే సోఫా దాకా నడిచి వెళ్లి, దాని మీద ఎవరూ పడుకుని లేరని చూసుకుని, అప్పుడు అంటాడు. వాడు పలికేదాకా నాకు ఊపిరాడదు.