చెంప మీది ఎరుపు

“నలుపు తెలుపు చేసెయ్, ఐదు నిమిషాల పని” అన్నారు మా ఆయన, కెమెరా కార్డు నా చేతిలో పెడుతూ.

స్టూడియో ముందు గదిలో ఆయన ఫోటోలు తీస్తారు. వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని నేను వాటిని దిద్దుతాను. బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది. మొటిమలు తుడవడం, పొట్టలు తగ్గించడం, కళ్ళు మూసుకున్నవాళ్ళకి కళ్ళు తెరిపించడం, మధ్యమధ్యలో పొయ్యి మీద కూర మాడుతుందేమోనని మేడ మీదికి పరిగెత్తడం. “నీకేమమ్మా, నీడపట్టున కూర్చుని బొమ్మలు చూసుకుంటావు” అంటుంది అత్తయ్య, వచ్చినవాళ్ళందరి ముందూ. జీతం మాట ఒకసారి ఎత్తితే మా ఆయన పగలబడి నవ్వారు. “ఇంటిమనిషికి జీతమేంటే!”

ఈసారి ఫోటో మా ఇంటివాళ్ళదే. నిన్న రాత్రి కట్టుబట్టలతో వచ్చేసిన నా ఆడపడుచుని తీసుకెళ్ళడానికి ఆమె భర్త వచ్చాడు. ఇద్దరూ కలిసిపోయారని బంధువులకి తెలియాలట. అత్తయ్య వాళ్ళని పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీయించింది. తెర మీద పెద్దది చేసి చూశాను. పౌడరు దాటుకుని, ఆడపడుచు ఎడమ చెంప మీద ఎర్రటి వాత.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. “ఆ మచ్చ కనపడకూడదు. అల్లుడుగారు చిన్నబుచ్చుకుంటారు” అని చెప్పి వెళ్ళిపోయింది.

కమిలింది కూతురి చెంప. చిన్నబుచ్చుకునేది అల్లుడు.

రంగు తీసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వీటిలో దేని పాలు ఎంతుండాలో మనమే చెప్పొచ్చు. పెంచితే ఆ రంగున్న చోటు తెల్లబడుతుంది, తగ్గిస్తే నల్లబడుతుంది. ఎరుపు పూర్తిగా పెంచాను. చెంప నున్నగా తేలిపోయింది, అసలేమీ జరగనట్టు. ఆ పని నా చేతికి అంత తేలిగ్గా వచ్చేసినందుకు నాకే ఒళ్ళు జలదరించింది.

“పోయిందా వదినా?”

ఆడపడుచు ఎప్పుడొచ్చిందో, నా కుర్చీ వెనకే ఉంది.

“పోయింది.”

వంగి చూసింది. వేలితో తన చెంప తాకి, చురుక్కుమన్నట్టు చెయ్యి తీసేసింది. “బాగుంది” అంది. “వెళ్తే అన్నీ అవే సర్దుకుంటాయంటోంది అమ్మ.”

“నీకు వెళ్ళాలనుందా?”

ఆమె తెర వదిలి నా వైపు చూసింది. ఆ మాట ఆమెని ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది.

ఎరుపు తగ్గించి, నీలం పెంచాను. వాత నల్లగా పైకి లేచింది. నాలుగు వేళ్ళు. రంగుల్లో కూడా అంత స్పష్టంగా లేవు. ఆమె తెరకి ఇంకా దగ్గరగా వంగింది.

“ఏది ప్రింటు తియ్యను?”

“అన్నయ్య నిన్ను తిడతాడు.”

“తిట్టనీ. ఏది?”

“అయిందా? బావగారు బయల్దేరాలంటున్నారు!” ముందు గదిలోంచి మా ఆయన కేక.

ఆమె ఆ నల్లటి వేళ్ళనే చూస్తూ, “ఇది” అంది.

ప్రింటు పట్టుకుని నేనే ముందు గదిలోకి నడిచాను. అల్లుడి ముందు బల్ల మీద పెట్టాను. అతను ఒక్కసారి చూసి తల పక్కకి తిప్పుకున్నాడు.

“ఏంటిది?” మా ఆయన మొహం మాడిపోయింది. “లోపలికెళ్ళి సరిగ్గా చేసి తీసుకురా.”

“చెయ్యను” అన్నాను.

ఆయన ఒక అడుగు ముందుకి వేశారు. నేను కదల్లేదు. అప్పుడు నా వెనక నుంచి ఇంకో గొంతు గదంతా వినపడేలా పలికింది.

“నేనూ రాను.”